ఐసులో ఉప్పు చల్లింది నేనే

యాకోబు మామ రొయ్యల గుంటకి మేము ఇచ్చిన మందు, ఇచ్చేటప్పటికే పాడైపోయి ఉంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే ఇచ్చాను. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మా సార్‌కి చెప్పలేదు. అమ్మకి చెప్పలేదు. పడుకునే ముందు చేసుకునే ప్రార్థనలో కూడా ఇక్కడిదాకా రాగానే పక్కకి తప్పుకుని, రోగుల కోసం, ప్రయాణాల్లో ఉన్నవాళ్ల కోసం అడిగేసి ఆమెన్ అనేసేదాన్ని. చిన్నప్పటి నుంచీ డైరీ రాసే అలవాటు నాకు. ఆ రోజుల పేజీల్లో వాన గురించి ఉంది, అప్పుడు చదువుతున్న నవల గురించి ఉంది, అమ్మకి వచ్చిన పంటినొప్పి గురించి కూడా ఉంది. దీని గురించి ఒక్క అక్షరం లేదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాననుకుంటాను. ఎదురుగా మనిషి ఉంటే నాకు గొంతు పెగలదు. స్కూల్లో హాజరు పలకడానికి కూడా భయపడిన పిల్లని.

పోయిన ఆదివారం ఆరాధన చివర్లో మా పాస్టరు గారు, గుజరాత్‌కి పనికి పోయిన యాకోబు అక్కడే గుండెపోటుతో ప్రభువు దగ్గరికి వెళ్లాడనీ, భార్య రూతమ్మ కోసం అందరూ ప్రార్థన చేయాలనీ చెప్పారు. అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మూయలేకపోయాను. ఎదురుగా ఉన్న బెంచీ మీద గీతలు చూస్తూ కూర్చున్నాను. అప్పుడు నా లోపల మొదట కదిలింది దుఃఖం కాదు. అది కూడా చెప్పేస్తాను. మొదట వచ్చింది తేలిక. ఇక ఆయనకి చెప్పాల్సిన అవసరం లేదు అనే తేలిక. ఒక మనిషి చనిపోయాడంటే నా గుండెకి హాయిగా అనిపించింది. ఎంతసేపు? ఒక శ్వాస అంతసేపేమో. ఆ తర్వాత నా మీద నాకే భయం వేసింది.

ఆయన బతికి ఉన్నంతకాలం రాయలేదు, పోయాక రాస్తున్నాను. ఇది కూడా పిరికితనమే. తెలుసు.

మా ఊరు ముత్తుకూరు దాటాక ఉప్పుటేరు పక్కన ఉంటుంది. మా మిద్దె మీద నిలబడితే కరెంటు ప్లాంటు పొగ గొట్టాలు కనిపిస్తాయి, ఇటు తిరిగితే కనుచూపు మేర రొయ్యల గుంటలు. నాన్న ఐసు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. నేను బయోటెక్నాలజీ చదివి, ఊరికి దగ్గర్లోనే ఒక చిన్న పరిశోధన కేంద్రంలో సహాయకురాలిగా చేరాను. మా సార్ మెత్తటి మనిషి. నేను మాట్లాడకపోయినా ఏమీ అనుకునేవారు కాదు. చేతి పని చక్కగా చేస్తానని మాత్రం అనేవారు.

ఆయన చేస్తున్న పని ఇది. రొయ్యలకి తెల్లమచ్చ రోగం వస్తే మందు లేదు. అది వైరస్. రొయ్య కణంలోకి దూరి, తనలాంటివాటినే ఇంకా ఇంకా తయారుచేయమని ఆజ్ఞ జారీ చేస్తుంది. ఆ ఆజ్ఞ ఒక ఆర్‌ఎన్‌ఏ పోగు రూపంలో ఉంటుంది. దానికి సరిగ్గా జతపడే చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కని మనం ఆ కణంలోకి పంపగలిగితే, కణం ఆ ఆజ్ఞని పట్టుకుని ముక్కలు చేసేస్తుంది. జన్యువు ఉంటుంది, దాని మాట మాత్రం చెల్లదు. జన్యువు నోరు మూయించడం అంటారు దీన్ని. మొదటిసారి విన్నప్పుడు నాకు ఎందుకో చాలా నచ్చింది. నోరు మూసుకోవడం కూడా ఎక్కడో ఒకచోట ఒకరి ప్రాణం కాపాడుతుందంటే, నాలాంటిదానికి నచ్చదా?

కాని ఆ ముక్కలు మరీ సుకుమారం. ఊరికే నీళ్లలో వేస్తే నిమిషాల్లో కరిగిపోతాయి. రొయ్య పేగుదాకా కూడా చేరవు. అందుకని వాటిని నానోక్యాప్సూల్స్‌లో పెట్టేవాళ్లం. వెంట్రుక మందంలో అలాంటి గుళికలు కొన్ని వందలు పక్కపక్కనే పడతాయి. అంత చిన్నవి. పైతొడుగు రొయ్య పొట్టు నుంచి తీసిన పదార్థమే. గుళిక రొయ్య కడుపులోకి పోయి, పేగు గోడ దాటి, కణంలోకి జారి అక్కడ విప్పుకుంటుంది. మా కంటికి కనిపించేది మాత్రం సీసాలో పల్చటి పాలలాంటి నీళ్లు. దాన్ని మేత మీద చల్లి, జిగురు పట్టించి, నీడన ఆరబెట్టి గుంటలో వేయాలి. ల్యాబులో గాజు తొట్లలో అది పనిచేసింది. వైరస్ ఎక్కించినా మందు తిన్న రొయ్యలు చాలావరకు బతికాయి. నా కళ్లతో చూశాను. ఆ మందు మంచిది. ఈ మాట మీరు గుర్తుపెట్టుకోవాలి.

అసలు గుంటలో పెట్టి చూడటానికి రైతు కావాలి. టీ అంగడి దగ్గర సార్ చెబుతుంటే రైతులు నవ్వారు. "రొయ్య పొట్టు తీసి రొయ్యకే పెడతారంట. రేపు మన ఎంటికలు కాల్చి మనకే మాత్రలిస్తారేమో" అన్నాడొకాయన. సార్ కూడా నవ్వేశారు. ఎవరూ ముందుకు రాలేదు. వచ్చింది యాకోబు మామ ఒక్కడే. ఆయనకి మాతో చుట్టరికం లేదు. ఒకే సంఘం, ఒకే బెంచీల వరస. నేను సండే స్కూలు పిల్లగా ఉన్నప్పటి నుంచీ నన్ను ఎరుగును. మన సంఘంలో పెరిగిన బిడ్డ చేసే మందు, నేను పెట్టకపోతే ఎవరు పెడతారు అన్నాడట. ఆయనకి ఉన్నది ఆ కౌలు గుంట ఒక్కటే. ఆ పంట చేతికొస్తేనే ఇంకో పంట.

మందు సిద్ధమైంది. రెండు మూడు రోజుల్లో మేతకి పట్టించాలనుకుంటుండగా వాయుగుండం పట్టింది.

వాన తెరిపివ్వలేదు. కరెంటు పోయింది. జనరేటర్‌లోకి నీళ్లు పోయాయి. సార్ నెల్లూరులో చిక్కుకుపోయారు, రోడ్డు మీద వాగు పారుతోంది. ఫోన్ తగిలినప్పుడు ఒక్క మాటే అన్నారు, సీసాలు ఎలాగైనా చల్లగా ఉంచమని. గడ్డకట్టకూడదన్న సంగతి ప్రత్యేకంగా చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేదు కనుక చెప్పలేదు. చేరిన మొదటి వారంలోనే నేర్పిన పాఠం అది. గుళికలున్న నీళ్లు గడ్డకడితే, మంచు పలుకులు గుళికల్ని ఒకదాని మీదికి ఒకటి నెట్టి నలిపేస్తాయి. తొడుగు చిరుగుతుంది. లోపలిది బయటికి కారిపోతుంది. మళ్లీ కరిగిస్తే చూడటానికి పాలలాగే ఉంటుంది. లోపల ఏమీ ఉండదు.

ఫ్రిజ్ వెచ్చబడుతోంది. సీసాలు సంచిలో పెట్టుకుని, గోనెపట్టా కప్పుకుని నాన్న ఫ్యాక్టరీకి పోయాను. అక్కడ కూడా కరెంటు లేదు గాని ముందురోజు తీసిన ఐసు దిమ్మలు రంపపు పొట్టులో కప్పి ఉన్నాయి. నాన్న ఒక చేపల పెట్టె ఇచ్చి, ఇంకో పనిమీద పోయాడు. ఐసు కొట్టి పెట్టె అడుగున పరిచాను. సీసాలు నిలబెట్టాను. వాటి చుట్టూ మళ్లీ ఐసు. ఆ తర్వాత పక్కనే ఉన్న బస్తాలోంచి రాళ్లుప్పు తీసి దోసిళ్లతో చల్లాను.

మా ఊళ్లో ఎవరైనా అంతే చేస్తారు. దూరం పోయే చేప పెట్టెలో ఐసు పొరల మధ్య ఉప్పు చల్లుతారు. ఉప్పు తగిలితే ఐసు చలి ఇంకా పదునెక్కుతుంది, చేప రాయిలా బిగుసుకుంటుంది, లారీ మద్రాసు చేరేదాకా చెడదు. చిన్నప్పుడు నాన్న పక్కన నిలబడి ఆ ఉప్పు చల్లే పని నాదే. ఏదైనా చెడిపోకుండా ఉండాలంటే ఇంకా చలి కావాలి, ఇంకా ఉప్పు కావాలి. ఐసు మీద బతికే ఇంట్లో పుట్టిన చేతికి వేరే సంగతి తెలియదు. ఎమ్మెస్సీ చదివిన తల ఆ క్షణంలో ఎక్కడికి పోయిందో నాకు తెలియదు. పెట్టె మూత వేసి, పైన గోనె కప్పి, దేవుడికి స్తోత్రం చెప్పుకుని ఇంటికి పోయాను. మంచి పని చేశాననుకున్నాను.

మరునాడు వాన తగ్గాక మూత తీశాను. సీసాలు రాళ్లలా ఉన్నాయి.

చేత్తో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. కరిగేదాకా. కరిగాక అడుగున విరిగిన పాలలో ఉండేలాంటి సన్నటి తునకలు కనిపించాయి. సీసా గుండ్రంగా తిప్పాను. తునకలు కలిసిపోయాయి. మళ్లీ పాలు. ఇంకోటి తిప్పాను. ఇంకోటి. ఒక్కో సీసా తిప్పుతున్నప్పుడు ఏమనుకున్నాను? కొన్ని గుళికలైనా మిగిలి ఉంటాయి అనుకున్నాను. ప్రభువా, కొన్నైనా మిగిల్చు అనుకున్నాను. ఉప్పు చల్లడం పొరపాటు. దాన్ని ఎవరైనా క్షమిస్తారు. సీసా తిప్పడం పొరపాటు కాదు. నా తప్పు అక్కడ మొదలైంది.

ఆ సాయంత్రానికి సార్ వచ్చారు. కేంద్రంలో అందరూ ఉన్నారు. సీసాలు చూసి ఆయన ముఖం వెలిగిపోయింది. ఈ అమ్మాయి వానలో పోయి కాపాడకపోతే మన ఏడాది పని నీళ్లపాలయ్యేదని అందరి ముందూ అన్నారు. జీవితంలో మొదటిసారి ఒక గది నిండా ఉన్న మనుషులు నా వైపు మెచ్చుకుంటూ చూశారు. చదువులో మార్కులొచ్చినా ఎవరూ చూసేవాళ్లు కాదు, ఎప్పుడూ వెనక వరసలో ఉండే పిల్లని. ఆ చూపు ఎంత వెచ్చగా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది. సార్ అడిగారు, ఒకసారి పరీక్ష చేసి చూశావా, గుళికలు బాగానే ఉన్నాయా అని. నేను తలూపాను.

అంతే. నోరు విప్పలేదు. నా అబద్ధం ఒక తలూపు. పరీక్ష చేయడం పెద్ద పని కూడా కాదు, ఒక పూట చాలు. చేస్తే తెలిసిపోతుంది, తెలిస్తే చెప్పాలి. మళ్లీ గుళికలు చేయాలంటే వారాలు పడుతుంది, ఆలోగా పంట కాలం దాటిపోతుంది, అందరి ముఖాలూ మారిపోతాయి. ఇవన్నీ ఇప్పుడు రాస్తున్నాను. అప్పుడు ఇంత ఆలోచన లేదు. ఆ వెచ్చదనం ఇంకాసేపు ఉండాలనిపించింది. ఇంత చిన్న కారణానికా అని మీరు అనుకోవచ్చు. నేనూ అదే అనుకుంటాను.

యాకోబు మామ గుంట గట్టు మీద షెడ్డు నీడన మేత పరిచి నేనే మందు పట్టించాను. రూతమ్మ అత్త పక్కన కూర్చుని చేత్తో కలిపింది. మేత వాసన జుట్టుకి పట్టిందని నవ్వుతూ నా జడ వాసన చూసి, పెళ్లిచూపులకి ఇట్నే పోతే పెళ్లికొడుకు రొయ్యల వ్యాపారమా అని అడుగుతాడంది. నేను నవ్వాను. ఎలా నవ్వగలిగాను?

కొన్నాళ్లు ఏమీ జరగలేదు. జరగని ప్రతి రోజూ నాకు ధైర్యమిచ్చింది. ఆ తర్వాత ఏటికి ఆ పక్కన ఒక గుంటలో తెల్లమచ్చ వచ్చింది. మరో రెండు రోజులకి ఈ పక్కన ఇంకోటి. అలా వచ్చినప్పుడు మా దగ్గర రైతులు ఆగరు. రొయ్య చిన్నదైనా సరే, తమ గుంటకి రోగం తగలకముందే వల వేసి పట్టేస్తారు. ధర తక్కువే వస్తుంది గాని పెట్టుబడి కొంతైనా చేతికొస్తుంది. రోగం తగిలాక పడితే కొనేవాడు ఉండడు. ఏటి పొడవునా వలలు పడ్డాయి, ఐసు బండ్లు వరసకట్టాయి. యాకోబు మామ నన్ను గట్టు మీదికి రమ్మని కబురు పెట్టాడు.

గాలి బాగా వీస్తోంది. ఆయన లుంగీ ఎగ్గట్టి, గట్టు చివర నిలబడి నీళ్లలోకి చూస్తున్నాడు. నన్ను చూసి దగ్గరికి వచ్చాడు.

"అందరూ పట్టేస్తుండారు పాపా. నేనూ రేపు వల వేద్దామని మనుషులకి చెప్పినా. నిన్నొక మాట అడిగి ఖాయం చేద్దామని పిలిచినా."

"సార్‌ని అడగండి మామా."

"అడిగినా. ఆయన చదువుకున్నాయన. పట్టినా మంచిదే, ఉంచినా మంచిదే, మీ ఇష్టం అంటాడు. నా ఇష్టమైతే నిన్నెందుకు పిలుస్తా? మందు కలిపింది నువ్వు. నువ్వు చెప్పు, ఉంచేదా, పట్టేసేదా?"

పట్టేయండి అనాలి. అది ఒక్క మాట. అంటే, ఏంటికి అని అడుగుతాడు. మందు మీద మీకే నమ్మకం లేదా అంటాడు. అప్పుడు చెప్పాల్సి వస్తుంది. నేను ఏటి అవతల కొంగల్ని చూస్తున్నాను.

"ఉంచండి మామా" అన్నాను.

"గాలికి వినపడలా. గట్టిగా చెప్పు."

"ఉంచండి."

"అయితే ఉంచుతా" అన్నాడాయన. ఆయన ముఖంలో బరువు దిగినట్టయింది. "రూతమ్మ తిడతాది. తిడితే నీ పేరు చెప్తా, నువ్వే పడు."

జీవితమంతా నోరు తెరవని నేను ఆ రోజు తెరిచాను. రెండుసార్లు చెప్పాను, రెండోసారి గట్టిగా.

ఆ ఆదివారం ఆయన సాక్ష్యం చెప్పడానికి లేచాడు. మా సంఘంలో అది అలవాటు. ఆ వారం దేవుడు చేసిన మేలు ఎవరైనా నిలబడి చెప్పొచ్చు. నా చుట్టూ గుంటలన్నీ ఖాళీ అయినాయి, నాది మాత్రం నిలబడింది, దేవుడు ఈ బిడ్డ చేతుల ద్వారా నన్ను కాపాడినాడు అని నా వైపు చెయ్యి చూపించాడు. అందరూ వెనక్కి తిరిగి చూశారు. స్తోత్రం అన్నారు. అమ్మ కళ్లు తుడుచుకుంది. నేను తల దించుకున్నాను. సిగ్గుపడుతోంది పిల్ల అనుకున్నారు. నా సిగ్గు ఎప్పుడూ నన్ను బయటికి పోనివ్వలేదు, ఆ రోజు మాత్రం నా తప్పుని దాచిపెట్టింది.

గుంట ఆ వారంలోనే పోయింది. పట్టపగలు రొయ్యలు గట్టు వారకి వచ్చి నీటిపైన తిరగడం మొదలుపెట్టాయి. పక్షులు వాలాయి. నేను పోయేసరికి రూతమ్మ అత్త గట్టు మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. అరచేతిలో ఒక రొయ్య ఉంది. దాని పెంకు మీద పంచదార పలుకుల్లా తెల్లటి మచ్చలు. మామ నడుము లోతు నీళ్లలో నిలబడి చచ్చినవాటిని చేతి వలతో తీస్తున్నాడు. అంత పెద్ద గుంటలో ఆ పని ఎందుకో ఆయనకీ తెలియదనుకుంటాను. నేను గట్టు మీద నిలబడ్డాను. ఇప్పుడు చెప్పు, ఇప్పుడు చెప్పు అని లోపల ఎవరో అంటూనే ఉన్నారు. సాయంత్రం ఇంటికొచ్చేశాను.

మా సార్ తన నివేదికలో, ల్యాబులో పనిచేసిన గుళికలు గుంటలో రక్షణ ఇవ్వలేకపోయాయని రాశారు. నాకు చూపించారు. మనం ఏదో వేరేగా ఆలోచించాల్సిందమ్మా, గుంట నీళ్లలో తొడుగు నిలవలేదేమో అన్నారు. తన ఆలోచననే ఆయన అనుమానించుకున్నారు. చిరిగింది ఐసు పెట్టెలో అని నేను అనలేదు. ప్రాజెక్టు అక్కడితో ఆగిపోయింది. ఆయన వేరే పనికి మారిపోయారు. ఎక్కడో ఏ రైతుకో ఉపయోగపడాల్సిన పని ఒక తప్పుడు వాక్యం కింద పడి ఉంది. ఆ వాక్యం రాసింది ఆయనే అయినా రాయించింది నేను.

ఇక్కడితో అయిపోయినా నేను బతికేసేదాన్నేమో. పంట పోవడం మా దగ్గర కొత్త కాదు. అయిపోలేదు.

సాక్ష్యం చెప్పిన వారంలోనే పోయిందంటే ఏదో ఉంది అని సంఘంలో గుసగుసలు పుట్టాయి. ఎవరూ చెడ్డవాళ్లు కారు. ఒకరి మేలు చూసి దేవుడు అన్నవాళ్లు, కీడు చూసి పాపం అనకుండా ఎలా ఉంటారు? ఆ మాటలు మామ చెవిన పడ్డాయి. ఆయన తనలో తాను తవ్వుకోవడం మొదలుపెట్టాడు. ప్రార్థన కూటం అయిపోయాక కూడా ఒక్కడే కూర్చునేవాడు. అలా కొన్ని వారాలు గడిచాక ఒక ఆదివారం మళ్లీ లేచి నిలబడ్డాడు.

కొన్నేళ్ల కింద తన గుంటకి రోగం వచ్చినప్పుడు, మందు చల్లి నీళ్లలో రోగాన్ని చంపకుండా, ఎవరికీ చెప్పకుండా తెల్లవారుజామున తూము తలుపు ఎత్తి ఆ నీళ్లని ఏట్లోకి వదిలేశానని చెప్పాడు. ఆ నీళ్లే తోడుకున్న పక్క గుంటలు పోయాయనీ, వాళ్లకి ఎక్కణ్నుంచి వచ్చిందో తెలియనట్టు తానూ అయ్యో అన్నాననీ చెప్పాడు. దేవుడు ఇప్పుడు లెక్క అడిగినాడు, మీ అందరి ముందూ ఒప్పుకుంటున్నా అన్నాడు. ఆ పంటతో దెబ్బతిని గుంట వదిలేసి, పోర్టులో కూలికి పోతున్న దానియేలు అన్న అక్కడే, ఆయనకి రెండు బెంచీల ముందు కూర్చుని ఉన్నాడు. వెనక్కి తిరగలేదు. మెల్లగా లేచి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. పాస్టరు గారికి కూడా ఏం పాడించాలో తోచలేదు.

అప్పుడు నేను లేవాల్సింది. మామా, మీ పాపానికీ ఈ గుంటకీ సంబంధం లేదు, ఇది నా చేతి పని అని చెప్పాల్సింది. పాటల పుస్తకం అట్ట గోటితో గీరుతూ కూర్చున్నాను.

ఆయన పాపం నిజమే. ఆయన చెప్పుకోవడం మంచిదేగా, దానియేలు అన్నకి నిజం తెలియడం న్యాయమేగా అని నాకు నేను చాలాసార్లు సర్దిచెప్పుకున్నాను. కావచ్చు. కాని ఆయన దాన్ని తవ్వి తీసింది, ఈ గుంట ఎందుకు పోయిందో తెలియక. ఆ కారణం నా దగ్గర ఉంది. నేను దాచుకున్నదాని బదులు ఆయన తనలోంచి ఇంకోటి తీసి అక్కడ పెట్టాడు. ఆ తర్వాత ఏటి రైతులు ఆయన్ని తూము దగ్గరికి రానివ్వలేదు. కౌలుకి ఎవరూ గుంట ఇవ్వలేదు. రూతమ్మ అత్త నీళ్లకి పోతే ఆడవాళ్లు మాట ఆపేసేవారు. చివరికి గుజరాత్ వైపు ఎవరివో గుంటల దగ్గర జీతానికి పోవడానికి ఇద్దరూ సిద్ధపడ్డారు.

నేను ఆ ఉద్యోగం వదిలేశాను. ఇప్పుడు ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెబుతున్నాను. కణం బొమ్మ గీసి భాగాలు గుర్తించమంటాను. పిల్లలు గుర్తిస్తారు.

మందు మంచిగా ఉండి ఉంటే ఆ గుంట నిలిచేదా? ఏమో. అంత రోగం చుట్టుముట్టినప్పుడు నిలవకపోవచ్చు కూడా. ఆ ఏమో అనే మాట కిందే ఇన్నేళ్లు తలదాచుకున్నాను. కాని గట్టు మీద పట్టేయండి అని ఉంటే మరునాడు వల పడేది, సగమైనా ఆయన చేతికొచ్చేది, ఆయన ఊళ్లోనే ఉండేవాడు. అందులో ఏమో అనడానికి లేదు.

రూతమ్మ అత్త వచ్చే వారం ఊరికి తిరిగొస్తుందని అంటున్నారు. పలకరించడానికి అమ్మ నన్ను కూడా రమ్మంటుంది. పోతాను. ఆమె పక్కన చాప మీద కూర్చుంటాను. నోరు విప్పుతానో, తలూపి వచ్చేస్తానో నాకు తెలియదు. నా సంగతి నాకు తెలుసు కనుక మాట ఇవ్వను. ఇక్కడ రాసినంత మాత్రాన చెప్పినట్టు కాదనీ తెలుసు. మీరు క్షమించినా అది చెల్లదు, మీకు నేను ఏ అన్యాయమూ చేయలేదు. అయినా ఒక్క సంగతి ఉంది. మొదటి వాక్యం రాసి చదువుకున్నప్పుడు, అది నిజంగా జరిగింది అని మొదటిసారి అనిపించింది. ఇన్నాళ్లూ అది నా లోపల జరుగుతూనే ఉండేది. ఇప్పుడు కాగితం మీద ఆగింది. అంతమాత్రం తెరిపి.

యాకోబు మామని చివరిసారి చూసింది మా ఇంటి గుమ్మంలో. రైలుకి పోయే రోజు నాన్నకి చెప్పి వెళ్దామని వచ్చాడు. నాన్న ఫ్యాక్టరీ నుంచి ఇంకా రాలేదు. అమ్మ మజ్జిగ ఇచ్చింది, నిలబడే తాగాడు. గ్లాసు తీసుకుంటూ, మామా మీకొక మాట చెప్పాలి అన్నాను. నిజంగానే అన్నాను. నోటిదాకా వచ్చింది. దాంతోపాటే ఏడుపు కూడా వచ్చేసింది, ఆ ఏడుపు ముందు దూకింది. ఆయన నా తల మీద చెయ్యి పెట్టాడు. ఏడుపు తగ్గేదాకా తీయలేదు. నేను చెప్పాలనుకున్నది తనకి ముందే తెలుసన్నట్టు తలూపి, గుమ్మం దిగి, చెప్పులేసుకుంటూ అన్నాడు.

"నీ మందులో తప్పేం లేదు పాపా. తప్పంతా నాలో ఉండింది. నువ్వు ఏడవబాక."